చామల పాయసం

మా పెళ్లి ఫొటోల్లో ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. రెండువేల ఇరవై జూన్ నెల కదా, పురోహితుడితో సహా అందరి మొహాలకీ మాస్కులే. తలంబ్రాలు పోసుకునేటప్పుడు త్రినాథ్ బావ మాస్కు ఒక చెవి మీంచి ఊడి కిందికి వేలాడింది. బావ గడ్డం మీద చిన్న సొట్ట ఉందని నాకు అప్పుడే తెలిసింది. పెళ్లిచూపులు కూడా ఫోన్లోనే జరిగాయి మరి, ఆ వీడియోలో సొట్ట కనపడలేదు. బావ మాస్కు తీసి మళ్లీ పెట్టుకోబోతుంటే "ఉండనీ బావా" అనేశాను. మైకు ఆన్‌లో ఉన్న సంగతి నాకేం తెలుసు? పందిట్లో ఉన్నవాళ్లు కొద్దిమందే అయినా అంతా ఒక్కసారి ఘొల్లున నవ్వారు.

మా పుట్టింటివాళ్లది విజయనగరం. బావవాళ్లది చీపురుపల్లి. మామయ్య నరసింగరావుగారికి బజారులో కిరాణా కొట్టు ఉంది, కొట్టు వెనకే ఇల్లు. కరోనా మూలంగా పదకొండు గంటలకల్లా కొట్లు కట్టేయాలని ఉత్తర్వు. బజారంతా ఆ ఉత్తర్వుని తిట్టుకునేది. నేను మాత్రం పదకొండు ఎప్పుడవుతుందా అని గడియారం కేసి చూస్తూ కూర్చునేదాన్ని. షట్టరు దిగిన చప్పుడు వినపడిందంటే నాకు పండగే. బావ లోపలికి వస్తూ జేబులోంచి పొట్లం తీసేవాడు. ధనియాలు కట్టే కాగితంలో సన్నజాజులు. అవి పెట్టుకుంటే సాయంత్రం దాకా నా జడ జాజుల వాసనా ధనియాల వాసనా కలిపి వేసేది. అంతకంటే మంచి అత్తరు ఉందంటే నేను నమ్మను.

చదువు మాత్రం మధ్యలో వేలాడుతోంది. నాది ఆహారం, పోషణ సబ్జెక్టుగా ఎమ్మెస్సీ, ఆఖరి సెమిస్టరు. మార్చిలో హాస్టలు ఖాళీ చేయమన్నప్పుడు ఏవో నాలుగు రోజులే కదా అని ఒక్క బ్యాగుతో వచ్చేశాను. నా ల్యాబు కోటు ఇంకా అక్కడే మేకుకి వేలాడుతూ ఉండాలి. పాఠాలన్నీ ఫోన్లో అయిపోయాయి, ప్రాక్టికల్ ఒకటి మిగిలింది. విజయనగరంలో ఒక ఆసుపత్రివాళ్లు డైటీషియన్ ఉద్యోగం ఇస్తామన్నారు. పాసైన కాగితం చూపిస్తే సెప్టెంబరులో చేరిపోవచ్చు. పాసవకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది, నేను వచ్చే ఏడాది నా జూనియర్లతో కలిసి మళ్లీ ప్రాక్టికల్ చేసుకోవాలి.

కాలేజీలో ల్యాబులు మూసి ఉన్నాయి కాబట్టి మా రాజకుమారి మేడం ఒక ఉపాయం చేశారు. ఒక్కో విద్యార్థి తన ఇంట్లో పెద్దవాళ్లని అడిగి, తన ఊరి వంటకం ఒకటి వాళ్ల గొంతుతోనే రికార్డు చేయాలి. దాన్ని రాసి, ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంచిన ఒక వంటల పుస్తకంలో పేజీగా పెట్టాలి. వేరే జిల్లాలో ఉన్న క్లాస్‌మేటు ఒకరు ఆ పేజీ చూసి, అందులో ఉన్నది ఉన్నట్టు తన వంటింట్లో చేసి చూడాలి. వంటకం కుదిరితే పేజీ నిలుస్తుంది, మనం పాసు. కుదరకపోతే పేజీ తీసేస్తారు.

ఈ సంగతి భోజనాల దగ్గర చెప్పాను.

"ఎవులైనా సదువుకోవచ్చా? ఊరికేనే?" అన్నారు మామయ్య, ముద్ద చేతిలోనే ఉంచుకుని.

"ఊరికేనే మావయ్యా. చదువుకోవచ్చు, వండుకోవచ్చు, బాగోకపోతే మార్చుకోవచ్చు కూడా."

"మరి కొట్లో కందిపప్పు కూడా వాకిట్లో పోసీసి, తలుపు తీసీసి పడుకుంటాను. ఎవులికి కావాలంటే ఆలు ఎత్తుకుపోతారు."

"పప్పు ఎత్తుకుపోతే తరిగిపోతాది నాన్నా. ఇది తరగదు" అన్నాడు బావ.

"నువ్వూరుకోరా. పెళ్లాం ఏటంటే అదే." మామయ్య నవ్వుతూనే అన్నారు.

మా అత్తయ్య సుభద్రమ్మకి మాత్రం ఒకటే బెంగ. "నా వంటని ఎవులో మార్సీడమేటే? బెల్లం తీసీసి పంచదారెయ్యరు కదా?"

"వేస్తే వేరే పేజీ అవుతుంది అత్తా. మీది మీదే. పైన మీ పేరుంటుంది."

"నా పేరే? ప్రపంచమంతా సూస్తాదేటి?" అని, కాస్త ఆగి, "అయితే చక్కగా మాటాడాలి" అంది.

ఆ మాటలో ఏం ఉందో నాకప్పుడు తెలీలేదు. తర్వాత బావ చెప్పాడు. మా ఆడపడుచు పెళ్లిలో గుంటూరు వైపు వియ్యాలవారి పిల్లలు, అత్తయ్య ఏం మాట్లాడినా "సెప్పండి, సూడండి" అని వెనక నుంచి వెక్కిరించి నవ్వారట. అప్పటినుంచి పైఊరి వాళ్లెవరైనా ఫోన్ చేస్తే ఆవిడ హలో అనేసి మామయ్యకి ఇచ్చేస్తుందట.

మర్నాడు మధ్యాహ్నం డాబా మీద రికార్డింగు. మా ఇంట్లో ఫోనుకి ఇంటర్నెట్ సిగ్నలు నీళ్ల ట్యాంకు పక్కనే వస్తుంది, ఇంకెక్కడా రాదు. అత్తయ్య కొత్త జాకెట్టు వేసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. గొంతు మాత్రమే రికార్డవుతుందని చెప్పినా వినలేదు. ట్యాంకు అంచు మీద కూర్చుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"నమచ్కారం. నా పేరు చుబద్రమ్మ."

బావ చటుక్కున అటు తిరిగిపోయాడు. నేను పెదవి గట్టిగా కరుచుకున్నాను.

"మాది చీపురుపల్లి. ముందు చామలు చుబ్రంగా కడిగి, చేపు నానబెట్టాలి. తరవాత చన్నని చెగ మీద పాలల్లో ఉడకబెట్టాలి..."

అలా చివరి దాకా, ఎక్కడా ఆగకుండా, ఒక్క 'స' కూడా నోట రానివ్వకుండా చెప్పింది. మన మాటల్లో 'స' అన్నదల్లా 'చ' చేస్తే పుస్తకాల భాష అయిపోతుందని ఆవిడ లెక్క. చివర్లో "చెలవు" అని దండం కూడా పెట్టింది. నాకు ఆవిడ మీద ఎంత ముద్దు వచ్చిందో చెప్పలేను. లేచి వెళ్లి భుజాల చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాను.

"బాగొచ్చిందేటే?"

"బ్రహ్మాండంగా వచ్చింది అత్తా."

"మరింకేటి, ఈదిలో సెప్పీవచ్చు" అని చకచకా మెట్లు దిగిపోయింది. సాయంత్రానికల్లా మా వీధిలో గోడల మీంచి, గేట్ల మీంచి అందరికీ తెలిసిపోయింది, సుభద్రమ్మ పాయసం ప్రపంచానికి వెళ్లిందని.

ఆ రాత్రి భోజనాలకి ముందు కూర్చుని, విన్నది విన్నట్టు టైపు చేశాను. చుబద్రమ్మని సుభద్రమ్మ చేశాను. చన్నని చెగని సన్నని సెగ చేశాను. చుబ్రాన్ని శుభ్రం చేశాను. చామలు ఎలాగూ చామలే కదా. మేం చామదుంపలు అంటాం, అత్తయ్యవాళ్ల వైపు పొట్టిగా చామలు అంటారు కాబోలు అనుకున్నాను. పాయసం రుచి చూద్దామంటే "ఇప్పుడు సరుకు లేదమ్మా, ఒచ్చాక సేద్దాం" అంది అత్తయ్య. లాక్‌డౌన్‌లో కూరగాయల బండి రావడం లేదు, దాని గురించే అనుకున్నాను. వాళ్లమ్మ పాయసంలో ఏం వేస్తుందో ఎన్నడూ పట్టించుకోలేదు బావ. ఫొటోకి నాలుగు దుంపలు చాలని మా వెనక వీధి అప్పలనరసమ్మగారి పెరట్లోకి వెళ్లి, అప్పుడే తవ్విన చామదుంపలని అరిటాకు మీద పేర్చి, ఎండ పడేలా తిప్పి తిప్పి తీశాడు. అవి ఎంత అందంగా వచ్చాయంటే, మేడం ఆ ఫొటోకి చప్పట్లు కొడుతున్న బొమ్మ పెట్టారు.

నా పేజీని వండి చూడాల్సింది నంద్యాలలో ఉన్న అనూరాధ. హాస్టల్లో నా పక్క గది. నెమ్మదస్తురాలు, ఎవరినీ ఒక మాట అనదు. వారం తిరక్కుండానే పేజీ కింద ఆమె నివేదిక వచ్చింది. అదీ అందరికీ కనపడేలాగే ఉంటుంది.

"చామలు నాలుగింతలు పొంగుతాయని రాశారు. గంటసేపు చూశాను, పొంగలేదు. పాలు జిగురుగా మారి గరిటె పైకి లేపితే గిన్నె కూడా లేచింది. మా తమ్ముడు ఒక చెంచా తిని గొంతు దురద అని పెరుగు తాగాడు. మా నాన్న ఒక చెంచా తిని బయటికి వెళ్లిపోయాడు. రచయిత్రి మీద నాకు చాలా గౌరవం ఉంది. వంటకం కుదరలేదు."

దాని కిందే మేడం రాశారు. శనివారం ఉదయం అందరూ చూస్తుండగా వీడియోలో సమీక్ష. రచయిత్రి అదే వంటకం అక్కడికక్కడే చేసి చూపించాలి. కుదిరితే సరే. లేకపోతే పేజీ తొలగించబడుతుంది.

అత్తయ్యకి చెప్పాలంటే నోరు రాలేదు. ఆ పొద్దున్నే గోడ అవతల ఉన్న సుబ్బలక్ష్మిగారితో "అమెరికాలో కూడా సేసుకుంటారంట నా పాయసం" అని చెబుతుంటే విన్నాను. అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి, మీ పాయసం తిని ఒకాయన ఇంట్లోంచి వెళ్లిపోయాడని ఎలా చెప్పడం?

"మనం సేసి సూద్దాం ముందు. అమ్మకి సెప్పొద్దు. ఎక్కడో చిన్న తేడా ఉంటాది" అన్నాడు బావ.

మధ్యాహ్నం అత్తయ్య కునుకు తీసేవేళ ఇద్దరం వంటింట్లో చేరి తలుపు దగ్గరగా వేశాం. బావ చామదుంపలు చెక్కు తీశాడు. కాసేపటికి అరచేతులు గోక్కోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత మోచేతుల దాకా గోక్కున్నాడు. నేను కొబ్బరినూనె రాస్తుంటే "ఇలగైతే రోజూ చామదుంపలు తరుగుతాను" అని నవ్వాడు. ప్రాజెక్టు మునిగిపోతున్నా నాకు నవ్వొచ్చింది. ఈ లోపల పొయ్యి మీద పాలు చిక్కబడి, సాగి, బుడగలు బుడగలుగా 'ప్లప్' మని చప్పుడు చేయసాగాయి.

"ఉషా, దీంతో గోడలకి పోస్టర్లు అంటించొచ్చు."

"మాట్లాడకు బావా, కలుపు."

"కలుపుదామంటే గరిటె ఇవ్వటం లేదు అది."

తలుపు తోసుకుని అత్తయ్య వచ్చింది.

"ఏటిది? ఇద్దరూ సేరి ఏటి సేస్తన్నారు?"

"పాయసం అత్తా."

"ఏటి పాయసం?"

"మీదే. చామల పాయసం."

అత్తయ్య గిన్నెలోకి చూసింది. తరవాత గట్టు మీద ఉన్న తొక్కల కేసి చూసింది. "ఒసే, ఇవి సామదుంపలు కాదేటే? సామదుంపల్తో పాయసం ఏ ఊళ్లో సేస్తారే?"

"మీరే కదా చెప్పారు!"

"నానెప్పుడు సెప్పాను? నాను సెప్పింది సామలు! సామలే! కొండ మీద పండుతాయి, సన్నగా నూకల్లాగుంటాయి. మన కొట్లో బస్తా ఉండీది కాదేటి, లారీలు ఆగిపోయి రావటం లేదు గానీ!"

నేను ఫోన్ తీసి రికార్డింగు పెట్టాను. వంటింట్లో అత్తయ్య గొంతే ఖంగుమంది. "ముందు చామలు చుబ్రంగా కడిగి..."

పొయ్యి మీద 'ప్లప్' మంది.

"అమ్మా," అన్నాడు బావ మెల్లిగా, "అన్నిటితోపాటు సామల్ని కూడా మార్సీసేవు."

"'స' అంటే తప్పనుకున్నాన్రా. మొత్తం మార్సీసేను" అంది అత్తయ్య. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. సామ అంటే చిరుధాన్యం. చామ అంటే దుంప. అత్తయ్యవాళ్ల వైపు దుంపనీ సామే అంటారు, ధాన్యాన్నీ సామే అంటారు, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. నాగరికంగా మాట్లాడదామనుకోబట్టి మాకీ తిప్పలు. పోనీ ఆవిడ ఒక్కతే కాదు, మొత్తం 'చ'లన్నిటినీ దిద్దిన నేను ఆ ఒక్క 'చ'ని దిద్దలేదు. ఎందుకంటే అది ఒక్కటే తప్పులా లేదు!

కానీ అత్తయ్య నవ్వలేదు. పీట మీద కూర్చుండిపోయింది. "నా మూలంగా నీ పరీక్స పోతాదేటే?"

"పోదు అత్తా. అసలు సంగతి తెలిసిపోయింది కదా. మళ్లీ రికార్డు చేద్దాం, మీరు రోజూ ఎలా మాట్లాడతారో అలాగే."

"ఇంక నా నోరు ఆ ఫోన్లో పెట్టకు. పెడితే ఒట్టు." లేచి వెళ్లిపోయింది. వీధి వైపు కూడా వెళ్లలేదు ఆ పూట.

జరిగింది జరిగినట్టు మేడంకి రాశాను. సామలకి మార్చి పేజీ దిద్దుతానన్నాను. మేడం ఎప్పుడూ పాఠంలా మాట్లాడతారు. జవాబు కూడా అలాగే పంపారు. "ఉషా, పేజీలో చామ ఉంది, రికార్డింగులో చామ ఉంది. వంటకం విఫలమైన తరవాత మీరు సామ అంటున్నారు. మీ మాటను నేను అనుమానించడం లేదు. కానీ ఈ పుస్తకంలో ఆధారం, చెప్పిన వ్యక్తి గొంతు. ఆమె స్వయంగా చెబితే తప్ప నేను మార్పును అంగీకరించలేను."

అత్తయ్య నోరు తెరిస్తే నేను పాసు. తెరవకపోతే లేదు. ఒట్టు పెట్టుకున్న మనిషిని ఎలా అడగను? అదీగాక అసలు వండటానికి గింజ సామ లేదు.

సామల సంగతి మామయ్య చూసుకున్నారు. ఫోన్ తీసి సాలూరు లారీ ఆఫీసులో ఉన్న వెంకటేష్‌కి కలిపారు. స్పీకరు పెట్టకపోయినా అవతలివాళ్ల మాటలు మాకూ వినపడేటంత పెద్ద గొంతు ఫోన్ మామయ్యది.

"ఒరే ఎంకటేసూ, సామలు కావాల్రా. శనివారం లోపల."

"లారీలు ఉప్పుకీ బియ్యానికీ తప్ప తిరగటం లేదు మావా! ఎంత కావాలేటి?"

"పాయసానికి."

"ఏటీ?"

"మా కోడలి పరీక్సరా! ఎమ్మెస్సీ పరీక్స! సామలు లేకపోతే ఫెయిలైపోతాది!"

"ఎమ్మెస్సీకి పాయసం సేయిస్తన్నారా మావా ఇప్పుడు?" అన్నాడు వెంకటేష్ ఎంతో జాలిగా. "పంపుతాన్లే. బియ్యం లోడు మీద ఒక బస్తా ఏసి పంపుతాను."

శుక్రవారం పొద్దున బస్తా దిగింది. గ్లాసెడు సామలు కావాల్సిన చోట బస్తాడు. మామయ్య దాన్ని కొట్టు ముందే విప్పి పెట్టి, వచ్చినవాళ్లందరికీ "మా కోడలు ఇంటర్నెట్లో రాసిందే, ఆ సామలు" అని కొలిచి అమ్మేశారు. ఊరికే ఇచ్చేయడం మీద ఆయనకున్న అభ్యంతరం ఇంకా పోలేదు.

శనివారం తెల్లారేసరికి ముసురు. సిగ్నలు ట్యాంకు పక్కనే కాబట్టి వంట కూడా అక్కడే. బావ గ్యాసు బండ భుజాన వేసుకుని మెట్లెక్కాడు. నేను స్టవ్వూ గిన్నే పట్టుకుని వెనకే ఎక్కాను. ఫోన్‌ని ఇటుకల మీద నిలబెట్టాం. బావ ఒక చేత్తో పెద్ద గొడుగు పొయ్యికీ ఫోనుకీ పట్టాడు, ఇంకో చేత్తో చిన్న గొడుగు నా మీద పట్టాడు. తను మాత్రం తడుస్తున్నాడు. అత్తయ్య మెట్ల మీద, పై మెట్టు కంటే ఒక మెట్టు కింద, కెమెరాకి కనపడకుండా నిలబడింది. రానంది కానీ వెళ్లనూ లేదు.

ఫోన్లో చిన్న చిన్న గళ్లలో మేడం, అనూరాధ, మా క్లాసువాళ్లూ కనపడ్డారు.

"ప్రారంభించండి ఉషా" అన్నారు మేడం. "ముందుగా ఒక ప్రశ్న. ఈ వంటకం చెప్పినవారు అందుబాటులో ఉన్నారా?"

నేను మెట్ల వైపు చూశాను. అత్తయ్య తల అడ్డంగా ఊపింది, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"ఉన్నారు మేడం. కానీ... ముందు వండనివ్వండి."

నానిన సామలు పాలల్లో వేశాను. నిజంగానే పొంగాయి. కళ్లముందే మెత్తబడి, తెల్లగా, గుల్లగా, గిన్నెలో సగం నిండాయి. అనూరాధ "పొంగినాయి, పొంగినాయి!" అని అరిచింది. ఆ పిల్ల అరవడం నేను అదే మొదటిసారి వినడం.

ఇక బెల్లం వేయాలి. తురిమిన బెల్లం గిన్నె చేతిలోకి తీసుకున్నాను. అప్పుడే గొడుగు అంచు నుంచి ఒక నీటి చుక్క బావ చెవి మీద పడి, చెంప మీదుగా జారి, గడ్డం మీది సొట్ట దగ్గరికి వచ్చి ఆగింది. పెళ్లయి రెండు నెలలు, నేనేం చేయను? ఆ చుక్క పడుతుందా నిలుస్తుందా అని చూస్తూ, పొయ్యి భగభగ మండుతుండగానే బెల్లం గిన్నె వంచబోయాను.

"ఒసే! ఒసేయ్! ఇప్పుడెయ్యకే! పాలు ఇరిగిపోతాయి! పొయ్యి ఆర్పు ముందు, ఆర్పు!"

అత్తయ్య ఒక్క అంగలో మెట్టెక్కి, వానలోకి వచ్చి, నా చేతిలోంచి బెల్లం లాక్కుంది. పొయ్యి ఆర్పింది. "ఏటి సూస్తన్నావే నువ్వు? పాయసం మీద సూపుండాలి గానీ మొగుడి మొకం మీద కాదు! రోజంతా సూస్తావు కదా, సాలదేటి?"

ఫోన్లో అన్ని గళ్లూ ఒక్కసారి నవ్వాయి. అత్తయ్య ఉలిక్కిపడి ఫోన్ కేసి చూసింది. గళ్లలో ఉన్న మొహాలన్నీ తన కేసే చూస్తున్నాయి. చెంగు నోటికి పెట్టుకోబోయింది, చేతిలో బెల్లం గిన్నె ఉంది.

"అమ్మా," అన్నారు మేడం, "ఈ పాయసం చెప్పింది మీరేనా?"

అత్తయ్య నా కేసి చూసింది. వాన గొడుగు మీద టపటపమంటోంది.

"నానే సెప్పాను" అంది అత్తయ్య చివరికి. "తప్పు సెప్పీసేను. అంటే పాయసం తప్పు కాదమ్మా, మాట తప్పు. సామలు అనాల. మీ అందరి ముందరా బాగా మాటాడదామని 'స' అన్నకాడల్లా 'చ' అన్నాను. ఈ గుంట దాన్ని పట్టుకుని సామదుంపలని రాసీసింది. దీని తప్పేటీ నేదు. ఇప్పుడు నాను మాటాడింది మీకు నవ్వొస్తే నవ్వుకోండి గానీ, దీన్ని మాత్రం ఫెయిల్ సెయ్యకండి."

ఎవరూ నవ్వలేదు. మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"నానెందుకు నవ్వుతానమ్మా?" అన్నారు. రెండేళ్లుగా మేడం నోట మేం ఒక్కసారి కూడా వినని మాట అది. "నాది టెక్కలి కాడ పల్లె. మా యమ్మ కూడా ఇలగే సెప్తాది. సామలు ఎన్నింతలు పొంగుతాయన్నారు? ఇంకోపాలి సెప్పండి, రికార్డు సేస్తన్నాను."

క్లాసంతా నోరు తెరుచుకుని చూస్తోంది. అత్తయ్య మొహం మెల్లిగా విచ్చుకుంది. "అదేటమ్మా, మీది మనూరి పక్కా? మరి ముందే సెప్పొద్దేటి? ఇన్ని తిప్పలు పడ్డాను!"

"నా ఉద్యోగంలో నానూ 'చ' అనీ అలవాటు సేసుకున్నానమ్మా, ఏటి సెయ్యను?"

అప్పుడు మొదలుపెట్టింది అత్తయ్య. సామలు ఎలా గాలించాలో, రాళ్లు ఎలా దిగుతాయో, ఏ బెల్లం పనికొస్తుందో, ఏది పనికిరాదో, అన్నీ తన మాటల్లోనే చెప్పింది. మధ్యలో గొడుగు సరిగ్గా పట్టలేదని బావని రెండు తిట్లు తిట్టింది. అవి కూడా రికార్డయ్యాయి. తీసేయమంటారా అని అడిగితే మేడం వద్దన్నారు.

అంతా అయ్యాక అనూరాధ చెయ్యెత్తింది. "మేడం, నేనొకటి చెప్పనా? ఉష నిన్న మెసేజ్ పెట్టింది, దుంపలు కావు, సామలు అని. సామలైతే మా ఇంట్లో డబ్బా నిండుగా ఉన్నాయి. ఇందాకటి నుంచీ ఆమెతోపాటే వండుతున్నాను." ఫోన్ వంచి తన పొయ్యి చూపించింది. గిన్నె నిండా పాయసం, పైన జీడిపప్పు. పక్క నుంచి ఒక పెద్దాయన చెయ్యి వచ్చి చెంచాడు తీసుకుంది. కాసేపు ఆగి ఇంకో చెంచాడు తీసుకుంది.

"మా నాన్న. ఈసారి ఇంట్లోనే ఉన్నాడు" అంది అనూరాధ.

మేడం ఏదో రాసుకుంటున్నారు. అందరం ఆవిడ కేసే చూస్తున్నాం. అత్తయ్యకి ఓపిక చాలలేదు.

"పాసా, ఫెయిలా? అదేదో బేగి సెప్పీయండమ్మా, పాయసం సల్లారిపోతంది."

"పాసేనమ్మా" అన్నారు మేడం. "బాగా పాసు."

నేను బావ కేసి చూశాను. బావ రెండు గొడుగులూ ఒగ్గేసి నిలబడ్డాడు. ఇద్దరం వానలో తడుస్తున్నాం, పాయసంలో కూడా నాలుగు చినుకులు పడ్డాయి. అత్తయ్య మాత్రం మా కేసి చూడనే లేదు. డాబా అంచుకి వెళ్లి పిట్టగోడ మీంచి వంగి, కింద కొట్టు ముందు సామలు కొలుస్తున్న మామయ్యకి, ఆయన ముందు నిలబడ్డ జనానికి, గోడ అవతల సుబ్బలక్ష్మిగారికి, బజారు మొత్తానికి వినపడేలా గొంతెత్తి అరిచింది.

"ఏటండోయ్! పాసైపోనాం!"